మా బావ తాగని తాగుడు

మా బావ ప్లంబరు. మా చర్చి సంఘంలో అందరూ పైపు బ్రదర్ అంటారు. ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల మొహం చూడడు, కుళాయి మొహం చూస్తాడు. పెళ్ళికి పిలిస్తే చేతులు కడుక్కునే చోటే ఆగిపోతాడు. ఆ కుళాయి కారుతూ ఉందా, ఇక ఆ పెళ్ళి ఆయనకి జరగనట్టే. మా అక్క మంచి చీర కట్టుకుని లోపల కూర్చుంటుంది, ఈయన బయట ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని పెళ్ళికూతురి మేనమామని పానా అడుగుతూ ఉంటాడు. పెళ్ళికొచ్చిన మేనమామ జేబులో పానా ఎందుకుంటుందో ఆయనకే తెలియాలి.

ఇంకో సంగతి. ఆయన తాగడు. తాగడంటే ఎప్పుడో ఒకప్పుడు తాగి మానేసినవాడని కాదు, అసలు ముట్టనే లేదు. వాళ్ళన్నయ్య తాగి తాగి పోయాడు. బావకి పైపుల పని నేర్పింది ఆ అన్నయ్యే. నేర్పిన చేతులే తర్వాత వణికిపోయి పైపు పట్టుకోలేకపోయాయి. ఆయన్ని దుకాణాల ముందునుంచి ఎత్తుకొచ్చి, కడిగి, బట్టలు మార్చి పడుకోబెట్టడం బావకి చాలాకాలం రోజూ ఉండే పనే. అందుకని ఆ వాసనంటే ఆయనకి కిట్టదు. చర్చిలో ప్రభువు బల్లకి ఇచ్చే ద్రాక్షరసం కూడా ముందు వాసన చూసుకుని గాని నోట్లో పోసుకోడు. పాస్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది, "అది నేనే ఇంట్లో పిండాను బ్రదర్" అని. అయినా చూస్తాడు.

ఇలాంటి మనిషికి దేశం కాని దేశంలో తాగుబోతని పేరొచ్చింది. ఎలా వచ్చిందో చెప్తాను.

మా సంఘం వాళ్ళు సేవ కోసం కొంతమందిని వేరే దేశం పంపాలనుకున్నారు. అక్కడ ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. దూరపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడుండి చదువుకుంటారు. దాన్ని నడిపే ఆవిడ ఆ దేశం మనిషే గాని, వయసులో ఉన్నప్పుడు మన దగ్గరకొచ్చి నర్సు చదువు చదివింది. మన మాట మనకంటే శుభ్రంగా మాట్లాడుతుంది. మేమంతా హాస్టలమ్మ అనేవాళ్ళం. ఆ హాస్టలుకి రెండంతస్తులు. కింద నీళ్ళొస్తాయి, పైన రావు. పిల్లలు పొద్దున్నే బకెట్లు పట్టుకుని మెట్లెక్కాలి. మెట్లన్నీ తడి, జారిపడడాలు, ఏడుపులు. త్వరలో ప్రభుత్వం వాళ్ళు తనిఖీకి వస్తారట. పైన నీళ్ళు లేకపోతే పై అంతస్తు మూసేసి అక్కడి పిల్లల్ని ఇళ్ళకి పంపేస్తామని గట్టిగా చెప్పి వెళ్ళారట. ఒకసారి ఇంటికి పోయిన పిల్ల మళ్ళీ బడికి రాదని, పెళ్ళికో పొలానికో పోతుందని హాస్టలమ్మ ఫోన్లో చెప్పి, "ఒక్క ప్లంబరుని పంపండి" అని అడిగారు.

మా వాళ్ళు ఒక్క ప్లంబరుని ఎందుకు పంపుతారు. ప్లంబరుతో పాటు పిల్లల బట్టలు కుట్టడానికి మా అక్క, వంటకి నేను, పాటలకి ఇద్దరు, ముందుండి నడిపించడానికి పాస్టరు అయ్యగారు అని లెక్క వేశారు. చివరికి అయ్యగారికి వీసా రాలేదు, పాటలవాళ్ళకి సెలవు దొరకలేదు. సంఘం సెక్రటరీ గారే మాకు పెద్ద అయ్యారు.

సెక్రటరీ గారికి ఊళ్ళో పెళ్ళిపత్రికలు అచ్చేసే ప్రెస్సు ఉంది. మనసు వెన్న. మీకు జ్వరమొస్తే రాత్రంతా మంచం పక్కన కూర్చుంటారు. కాకపోతే ఆయన నోరూ ఆగదు, చేతిలో ఫోనూ ఆగదు.

అక్కడ మాకు తెల్లవారడం ప్రార్థనతో. తర్వాత వాక్య ధ్యానం. తర్వాత టీ. టీ తర్వాత మేం టీ తాగిన ఫోటో. అప్పుడు బావ పైపు కోయడానికి కూర్చుంటే సెక్రటరీ గారు పరుగెత్తుకుంటూ వచ్చేవారు.

"బ్రదర్, ఆపండి ఆపండి. ఇటు తిరిగి కోయండి, వెలుతురు ఇటుంది."

"అయిపోయిందండి, కోసేశాను."

"అయ్యో, అయితే మళ్ళీ కోయండి. కాస్త నెమ్మదిగా. మొహంలో సంతోషం కనపడాలి."

బావ కోసిన పైపునే మళ్ళీ కోశాడు. వీడియో బాగా వచ్చింది. పైపు పొట్టిదైపోయింది.

మధ్యాహ్నం అయ్యేసరికి ఇళ్ళ దర్శనం. ఆ ఇంట్లో ముసలావిడకి మోకాళ్ళ నొప్పులు, ఈ ఇంట్లో గేదె... కాదు, గొర్రె పాలివ్వడం లేదు, అన్నిటికీ ప్రార్థన. బావని కూడా తీసుకెళ్ళేవారు. "నాకు పనుందండి" అంటే, "ఇదీ పనే కదా బ్రదర్" అనేవారు. ఆ మాటకి ఏ క్రైస్తవుడు ఎదురు చెప్తాడు. సాయంత్రం అయితే కూడిక. ఒకరోజు హాస్టలు హాల్లో, ఒకరోజు పక్క వీధి చర్చిలో. కూడికలో మేం వరసగా సాక్ష్యం చెప్పాలి, అంటే దేవుడు మమ్మల్ని ఎలా మార్చాడో. మనం ఒక మాట చెప్తే హాస్టలమ్మ పక్కన నిలబడి వాళ్ళ భాషలో చెప్తారు.

మొదటి రోజు సెక్రటరీ గారు చెప్పారు. వయసులో సినిమాల పిచ్చితో ఇంట్లోంచి పారిపోవడం, ఆకలి, అరుగుల మీద నిద్ర, ఎవరో పాట పాడుతుంటే విని వెనక్కి రావడం. నేను చాలాసార్లు విన్నదే, అయినా కళ్ళు తడిశాయి. అక్క తనకి చిన్నప్పుడు జ్వరమొచ్చి తగ్గిన సంగతి చెప్పింది. నేనూ ఏదో చెప్పి కూర్చున్నాను. బావ వంతు వచ్చింది. లేచి, చేతులు తువ్వాలుకి తుడుచుకుని, "అందరికీ వందనాలు. చిన్నప్పుడు మా అమ్మ చర్చికి తీసుకెళ్ళింది. అప్పట్నుంచీ వెళ్తున్నాను. పైపుల పని చేస్తాను. దేవుడికి స్తోత్రం" అని కూర్చున్నాడు. హాస్టలమ్మ నోరు తెరిచేసరికే అయిపోయింది.

బయటికి రాగానే సెక్రటరీ గారు పట్టుకున్నారు.

"బ్రదర్, అది సాక్ష్యమా, అడ్రసా?"

"జరిగింది అదే కదండీ."

"జరిగిందే చెప్పండి, కాదనను. కానీ ముందు చీకటి ఉండాలి, తర్వాత వెలుగు రావాలి. మీరు పుట్టుకతోనే బల్బు కింద కూర్చున్నట్టు చెప్తే వినేవాళ్ళకి ఏం దక్కుతుంది?"

మర్నాడు ఆయన వంటగదిలోకే వచ్చేశారు. నేను ఉల్లిపాయలు కోస్తున్నాను, అక్క గుమ్మంలో కూర్చుని గౌనుకి అంచు కుడుతోంది, బావ పొయ్యి పక్కన కారే కుళాయి విప్పుతున్నాడు. సెక్రటరీ గారు స్టూలు లాక్కుని డాక్టరు రోగిని అడిగినట్టు మొదలుపెట్టారు.

"పేకాట ఆడేవారా?"

"రాదండి. ఎవరైనా ఆడుతుంటే చూస్తూ నిద్రపోతాను."

"దొంగతనం? చిన్నప్పుడైనా?"

బావ చాలాసేపు ఆలోచించాడు. "జామకాయ ఒకటి కోశానండి. గోడెక్కి."

"ఆ. చెప్పండి, చెప్పండి. ఎవరి చెట్టు?"

"మాదే. మా అమ్మ కోయొద్దంది."

సెక్రటరీ గారు నెత్తి పట్టుకున్నారు. "పోనీ ఎవరినైనా కొట్టారా?"

"మోటారుని ఒకసారి కొట్టాను. తిరగనని మొరాయించింది."

ఇక లాభం లేదని ఆయన అక్క వైపు తిరిగారు. "అమ్మా, మీరు చెప్పండి. ఏమనుకోవద్దు. ఈయన ఎప్పుడైనా మీ మీద చెయ్యి చేసుకున్నాడా?"

"నా మీద చెయ్యి చేసుకునే తీరిక ఈయనకెక్కడిది సెక్రటరీ గారూ. ఆ చేతుల్లో ఎప్పుడు చూసినా పైపేగా" అంది అక్క.

నాకు నవ్వాగలేదు. సెక్రటరీ గారు మాత్రం నవ్వలేదు. ఆయన బాధ ఆయనది. "మీకు నవ్వులాటగా ఉంది. మన సంఘంలో పింఛను మీద బతికే ముసలమ్మలు కూడా కొంగుముడి విప్పి ఇచ్చారు ఈ ప్రయాణానికి. వాళ్ళకి నేనేం చూపించాలి? పైపులా? పైపుని చూస్తే ఎవరికి కన్నీళ్ళొస్తాయి?"

"నాకొస్తాయండి. పగిలితే" అన్నాడు బావ.

అప్పటికి పై అంతస్తు పని ఇంకా మొదలే కాలేదు. డాబా మీద ట్యాంకు ఉంది. మాకంటే ముందొచ్చిన టీమువాళ్ళు పెట్టారు. పెట్టి, దానికి నీలం రంగు వేసి, దాని ముందు ఫోటో దిగి వెళ్ళిపోయారు. దానికి పైపులు కావాలన్న సంగతి మర్చిపోయారు. బావ కింద మోటారు బాగుచేసి, బయటి గోడ వెంట పైకి నిలువు పైపు వేసేసరికే సగం రోజులు ప్రార్థనల్లో పోయాయి. లోపల స్నానాల గదుల పని మొత్తం మిగిలే ఉంది. రోజూ సాయంత్రం కూడిక టైముకి ఆయన మొహం చూస్తే, కోసిన కూర పొయ్యి మీదకి ఎక్కకుండా గ్యాసు అయిపోయిన మనిషిలా ఉండేవాడు.

సెక్రటరీ గారు బేరం పెట్టారు. "ఒక్కటి చాలు బ్రదర్. గుండె కదిలేలా ఒక్క సాక్ష్యం చెప్పండి. తర్వాత మిమ్మల్ని ఏ కూడికకైనా పిలిస్తే అడగండి. చీకటి పడేదాకా మీ పైపులు, మీరు."

బావ పానా కింద పెట్టాడు. "ఒక్కటే కదా?"

"ఒక్కటే."

ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. ఆదివారం కాబట్టి పిల్లల అమ్మానాన్నలు కూడా వచ్చారు. బావ లేచి నిలబడ్డాడు. తువ్వాలు చేతుల్లో మెలిపెడుతూ, "నేను తాగేవాణ్ణి" అన్నాడు.

పక్కనున్న అక్క నా మణికట్టు పట్టుకుంది. గాజులు గుచ్చుకున్నాయి.

ఆయన చెప్పుకుంటూ పోయాడు. దుకాణం ముందు పడిపోవడం, చెంప కాలవ నీళ్ళలో ఉండగా మెలకువ రావడం, పనిముట్లు ఒక్కొక్కటే తాకట్టు పెట్టడం, చేతులు వణికి పైపు జారిపోవడం. "మా తమ్ముడు నన్ను ఎత్తుకెళ్ళి కడిగేవాడు. చిన్నపిల్లాణ్ణి కడిగినట్టు. ఒకరోజు కడుగుతూ కడుగుతూ వాడు ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే నేను మొదటిసారి చూశాను. ఆ రోజు మానేశాను." అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు పోయింది. నిజంగానే పోయింది, నటన కాదు. హాస్టలమ్మ మొదట్లో గబగబా చెప్పుకొస్తూ ఉన్నావిడ, పోను పోను నెమ్మదించి, చివర్లో బావ వైపు చూడకుండా గోడ వైపు చూస్తూ చెప్పారు. హాలంతా ముక్కులు ఎగబీల్చడమే. సెక్రటరీ గారు ఫోనులో వీడియో తీస్తూనే ఉన్నారు.

గదికి వెళ్ళే దారిలో అక్క ఆగింది. "అదెవరి కథండీ?"

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"చచ్చిపోయినా మీ అన్నని వదలరా మీరు?"

"అన్న మానేసుంటే ఇలాగే చెప్పుకునేవాడు కదే. అదే చెప్పాను."

"మానలేదు కదా" అంది అక్క. అంతే, ఆ మాట తర్వాత ఆయనతో మాటలు మానేసింది. అక్కకి కోపమొస్తే అరవదు, ఇలా నోరు కట్టేసుకుంటుంది. అప్పుడు నేను పోస్టాఫీసునవుతాను. 'మీ బావకి అన్నం పెట్టానని చెప్పు', 'మీ అక్కని తువ్వాలు ఎక్కడుందో అడుగు'. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు, మధ్యలో నేను.

మర్నాడు బావ మాత్రం హుషారుగా లేచాడు. బేరం బేరమే కదా, ఇక పని చేసుకోవచ్చు. భుజం మీద పైపులు పెట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళేసరికి హాస్టలమ్మ మొదటి మెట్టు మీద నిలబడి ఉన్నారు.

"బ్రదర్, మీరు పైకి వెళ్ళకూడదు."

"ఇవాళ లోపలి పని మొదలుపెడుతున్నానమ్మా."

"తెలుసు. కానీ తాగేవాళ్ళని, తాగి మానేసినవాళ్ళని నేను పిల్లల గదుల్లోకి పంపను. మూడేళ్ళ కిందట రంగులు వేసేవాడొకడు వచ్చాడు. మంచివాడే. మానేశానన్నాడు. ఒక మధ్యాహ్నం తాగి పైకి వచ్చి పిల్లల్ని హడలగొట్టాడు. ఆ తర్వాత ప్రతి తల్లి చేతిలో చెయ్యేసి మాటిచ్చాను, అలాంటివాళ్ళు మెట్టెక్కరని."

"అమ్మా, నేను తాగలేదు."

"నిన్న మీరే చెప్పారు. వాళ్ళకి చెప్పింది నేనే."

ఇంతలో సెక్రటరీ గారు వచ్చారు. విషయం తెలిసి, "అమ్మా, అదంతా పాత మనిషి. ఈయనిప్పుడు కొత్త మనిషి" అన్నారు.

"కొత్త మనిషిని కింద పని చేయమనండి" అన్నారు హాస్టలమ్మ.

నాకు అప్పుడు ఆవిడ మీద కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ జాగాలో నేనున్నా అదే అనేదాన్ని. స్టేజీ మీద ఏడిపించినవాడికి చప్పట్లు కొట్టడం వేరు, అతన్ని మన పిల్లలు పడుకునే గదుల్లోకి పంపడం వేరు.

ఆ ఊళ్ళో వేరే ప్లంబరు లేడా అని అడిగాం. ఉన్నాడట. ఆయన మన బావలాగా ఒకప్పుడు తాగినవాడు కాదట, ఇప్పుడు తాగేవాడు.

బావ కింద కూర్చున్నాడు. చేయడానికి కింద పనేం లేదు. చేసిన పనే మళ్ళీ చేసుకుంటూ, బిగించినవి విప్పి బిగిస్తూ. పైన స్నానాల గదులు గోడకి కన్నాలతో అలాగే ఉన్నాయి. ఇదిలా ఉండగా చుట్టుపక్కల చర్చిల నుంచి కబుర్ల మీద కబుర్లు. తాగి మారిన ఆ బ్రదర్ని మా దగ్గరికీ తీసుకురండి అని. సెక్రటరీ గారు నసుగుతూ వచ్చారు.

"బ్రదర్, ఒక్కటే ఒక్కటి."

"ఒక్కటే అన్నది మొన్నటిదండి."

"ఆత్మల సంగతి బ్రదర్. మనం బేరాలు చూసుకుంటామా?"

బావ తువ్వాలు భుజాన వేసుకుని, "సరే, వస్తాను. హాస్టలమ్మ గారు కూడా రావాలి" అన్నాడు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి నాకు భయమేసింది.

పక్క వీధి చర్చిలో కూడిక. బావ లేచి ఒక్క గుక్కలో చెప్పేశాడు. "మొన్న నేను చెప్పింది అబద్ధం. నేనెప్పుడూ తాగలేదు. అది మా అన్న కథ. మా అన్న మానలేదు. చచ్చిపోయాడు. నన్ను క్షమించండి." హాస్టలమ్మ ఒక్క మాట పోకుండా వాళ్ళ భాషలో చెప్పారు. సెక్రటరీ గారు ఫోను దించేశారు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పెద్దాయన లేచి, కర్ర పొడుచుకుంటూ వచ్చి, బావని గట్టిగా కావలించుకుని ఏడ్చాడు. ఏదో అన్నాడు. హాస్టలమ్మ చెప్పారు, "తాగేవాడెవడూ తాగానని ఒప్పుకోడు. ఒకసారి ఒప్పుకున్నా మర్నాడు సిగ్గేసి కాదంటాడు. నేనూ అలాగే అనేవాణ్ణి. భయపడకు నాయనా, అంటున్నాడు."

ఇక చూడండి. అందరూ లేచి వచ్చి బావ చుట్టూ నిలబడ్డారు. ఆయన మళ్ళీ తాగుడులోకి జారిపోకుండా తల మీద చేతులు పెట్టి ప్రార్థన. అన్ని చేతుల కిందనుంచి ఆయన మొహం నా వైపు తిరిగి ఉంది. బురదలో దిగబడ్డ బండి ఎద్దు చూసినట్టు చూశాడు. అక్క ఉండబట్టలేక లేచింది. "ఆయన తాగడు. ఆ వాసనే పడదు. నేను భార్యని, నాకు తెలియదా" అంది. అక్కడి ఆడవాళ్ళు అక్క వైపు చూసి తలలూపారు, పాపం అన్నట్టు. ఒకావిడ వచ్చి అక్క వీపు నిమిరింది. పెళ్ళాలంతా ఇలాగే దాస్తారని వాళ్ళ నమ్మకం.

తిరిగొచ్చాక హాస్టలమ్మ వంటగదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. బావ గుమ్మం బయటే నిలబడ్డాడు.

"బ్రదర్, నేను మిమ్మల్ని నమ్ముతున్నాను. మీ అన్న సంగతి చెప్పినప్పుడు మీ గొంతు విన్నాను. మీరు తాగలేదు."

బావకి ప్రాణం లేచొచ్చింది. "అయితే రేపు పైకి..."

"లేదు. నేను నమ్మితే సరిపోదు. మీ మొదటి సాక్ష్యం పిల్లల అమ్మానాన్నలందరూ విన్నారు. రెండోది ఎవరు నమ్మారో మీరే చూశారు. సెలవులకి ఇంటికెళ్ళి, ఆ తాగుబోతాయన మా గదుల్లోకి వచ్చాడు అని ఒక్క పిల్ల అందంటే చాలు. తనిఖీవాళ్ళు మూయక్కర్లేదు, తల్లులే వచ్చి పిల్లల్ని తీసుకుపోతారు."

బావ తల గోక్కుని, "సెక్రటరీ గారు తాగరు కదమ్మా, ఆయన పైకి వెళ్ళొచ్చా?" అన్నాడు.

వెళ్ళొచ్చన్నారు. సెక్రటరీ గారు పైకెళ్ళారు. చేసిన తప్పు దిద్దుకోవాలని ఆయనకీ ఉంది, పాపం. అతికించే సొల్యూషను బ్రష్షుతో రాయమంటే వేళ్ళతో రాశారు. పైపు మలుపు దగ్గర పెట్టే ఎల్బో తీసుకెళ్ళి మూతి గోడ వైపు పెట్టి అతికించారు. కుళాయి బిగిస్తే నీళ్ళు పక్కింటివాళ్ళకి పోవాలి. ఆ సొల్యూషను ఒకసారి పట్టిందంటే ఊడదు, కోసి పారేయడమే. ఒక రోజు, ఒక పొడవు పైపు అలా పోయాయి.

మర్నాడు అక్క చీర చెంగు దోపుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా, పైపు కోసే ఆక్సా బ్లేడు తీసుకుని మెట్లెక్కింది. వెనకే నేను. సెక్రటరీ గారు ఫోను గదిలో పెట్టేసి వచ్చి, "నేను పట్టుకుంటానమ్మా, మీరు అతికించండి" అన్నారు. బావ కింద పెరట్లో స్నానాల గది కిటికీ కింద నిలబడి తల పైకెత్తాడు. అలా తల ఎత్తుకునే ఆయన రెండు రోజులు నిలబడ్డాడు.

"మీ బావనడుగు, తొట్టి నుంచి గోడ దాకా ఎంత కోయాలో" అనేది అక్క. నేను కిటికీలోంచి అరిచేదాన్ని. ఆయన కింద నేల మీద పుల్లతో గీసుకుని, కొలత చెప్పేవాడు. ఆ పుల్ల గీతల్లో ఆయనకి పై అంతస్తంతా కనపడేదనుకుంటాను. అక్క మెడలో టేపు తీసి కొలిచి, గీత గీసి కోసేది. కోత మాత్రం ముచ్చటగా ఉండేది, అంచు ఒక్క పోగు లేచేది కాదు. తీరా పెడితే ఏదీ పట్టేది కాదు. ప్రతి ముక్కా కాస్త పొడుగు. పైపు విల్లులా వంగి సెక్రటరీ గారి గడ్డానికి తగిలేది.

"ఎంత కోశారు?" కిందనుంచి అరుపు.

"నువ్వు చెప్పినంతే బావా."

"నేను చెప్పినంతే అయితే పట్టాలి కదా. టేపు పెట్టి చూసి చెప్పు."

చూశాను. చెప్పినదాని కంటే ఎక్కువే ఉంది. అక్కని అడిగాను. "కుట్టుకి వదిలాను" అంది అక్క, అదో వింతా అన్నట్టు.

ఆ మాట కిందకి చేరవేసేసరికి బావ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "కుట్టుకి వదలడమేమిటే. అది పైపు, జాకెట్టు కాదు. ఎల్బో లోపలికి పోయేది నేను ముందే కలిపి చెప్తున్నాను."

అక్క నన్ను పక్కకి తోసి కిటికీలోంచి తల బయటపెట్టింది. "కలిపానని ముందే ఏడవొచ్చు కదండీ. నోరు పడిపోయిందా?"

"నువ్వడిగావా? నాతో మాట్లాడితే కదా చెప్పడానికి?"

"అబద్ధాలాడే నోటితో ఏం మాట్లాడమంటారు?"

"సరే, అబద్ధమే. తప్పే. ముందా పైపు చేతిలో ఎండిపోతోంది, దాన్ని లోపలికి నొక్కు. నొక్కి తిప్పకు."

"తిప్పడం లేదు."

"తిప్పుతున్నావు. నాకు వినపడుతోంది."

"పైపు తిప్పితే మీకెలా వినపడుతుందండీ, చెవులా అవి?"

సెక్రటరీ గారు పైపు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతున్నారు. ప్రార్థనో, విసుగో తెలియలేదు. నేను మాత్రం కింద కూర్చుండిపోయాను, నా పోస్టాఫీసు మూతపడింది కదా.

మేం బయల్దేరడానికి ముందురోజు మోటారు వేశారు. ట్యాంకు నిండింది. బావ కిందనుంచి, "వాల్వు నెమ్మదిగా తిప్పు, నెమ్మదిగా" అని అరుస్తుంటే అక్క తిప్పింది. ముందు గాలి, ముసలాయన దగ్గినట్టు. తర్వాత మట్టి రంగు నీళ్ళు. తర్వాత మంచి నీళ్ళు. పిల్లలు ఉన్న కుళాయిలన్నీ తిప్పేశారు. గౌన్లతోనే తడిసిపోయారు. ఒకమ్మాయి దోసిలితో నీళ్ళు పట్టి కిటికీలోంచి బావ మీద పోసింది. ఆయన తుడుచుకోలేదు. తల పైకెత్తే ఉంచి, "ఎక్కడైనా చెమ్మ ఉందా, ప్రతి జాయింటూ చూడండి" అన్నాడు.

ఉంది. మూలన, బేసిను కింద, ఒక ఎల్బో మరల దగ్గర. పెద్దగా కాదు, చుక్క కట్టి ఆగి ఆగి పడుతోంది. మేం ఎంత బిగించినా ఆగలేదు. ఆ సంగతి చెప్పగానే బావ లోపలికొచ్చి మెట్ల కమ్మీ మీద చెయ్యి వేశాడు. హాస్టలమ్మ అక్కడే ఉన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయనే చెయ్యి తీసేశాడు.

తర్వాత వరండాలో ఆవిడకి ఒక పాత ఎల్బో మీద నేర్పించాడు. నీళ్ళు ఆపాలి, విప్పాలి, తుడవాలి, తెల్ల టేపు మర తిరిగే వైపే చుట్టాలి, బిగువుగా చుట్టాలి. ఆవిడ సూది మందు ఇచ్చిన చేతులతో రెండుసార్లు చుట్టి చూపించారు. "బాగా చుట్టారమ్మా" అన్నాడు గాని, మొహంలో మాత్రం నమ్మకం లేదు. తన పానా ఆవిడకే ఇచ్చేశాడు. పొద్దున్నే బండి వచ్చింది, ఎక్కేశాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "టేపు ఎటు తిప్పుతుందో ఏమో" అంటూనే ఉన్నాడు.

ఇక్కడికొస్తే ఇంకో తంటా. వీడియో మాకంటే ముందే వచ్చేసింది. సంఘంలో ముసలమ్మలు బావ చేతులు పట్టుకుని ఏడ్చారు, మా ఎదురుగానే ఉంటూ ఎంత దాచావు నాయనా అని. సెక్రటరీ గారు ఆదివారం లేచి, అది నిజం కాదు, తప్పంతా నాదే అని అందరి ముందూ చెప్పారు. ఆయన ఎంత మంచివాడో, తోటి విశ్వాసి పరువు కాపాడడానికి నింద తన మీద వేసుకుంటున్నాడు అనుకున్నారు. ఇప్పటికీ కొత్తగా ఎవరైనా సంఘంలో చేరితే బావని చూపించి చెవిలో ఏదో చెప్తారు. బావ వినపడనట్టు చర్చి కుళాయి దగ్గరికి వెళ్ళిపోతాడు.

మొన్న హాస్టలమ్మ ఫోను చేశారు. తనిఖీవాళ్ళు వచ్చారట. పైకెక్కి ప్రతి కుళాయీ తిప్పి చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టి పోయారట. పై అంతస్తు మూయలేదు, ఒక్క పిల్ల కూడా ఇంటికి పోలేదు. నేను స్తోత్రం స్తోత్రం అంటూ ఉండగానే బావ నా చేతిలో ఫోను లాక్కున్నాడు.

"అమ్మా, వందనాలు. ఆ మూల ఎల్బో?"

"ఆగింది బ్రదర్."

"పూర్తిగా?"

"పూర్తిగా ఆగింది."

ఫోను నాకిచ్చేసి అక్క మిషను పక్కన కూర్చున్నాడు. "నిజంగా ఆగిందంటావా?" అన్నాడు.

"ఆవిడ అబద్ధమాడే మనిషి కాదండీ" అంది అక్క, దారం పంటితో తెంపుతూ.